లీప్: దూకడమా, ఉరకడమా? ఒక ఎంట్రీ తయారీ డైరీ

పని ఒక్కటే. ఇంగ్లీషు–తెలుగు నిఘంటువులో ‘లీప్’ అన్న మాటకు ఎంట్రీ రాయాలి. పండితులు ఆరోపం అంటారు, పని దగ్గర మాత్రం ఎంట్రీ అన్నదే నడుస్తుంది. అచ్చులో దీనికి దక్కే చోటు ఒక కాలమ్, 42 పంక్తులు. ఉచ్చారణ, క్రియారూపాలు, అర్థాలు, వాటికి వాక్యాలు, నుడికారాలు అన్నీ అందులోనే సర్దాలి. అడుగున చిన్న గడిలో మాట పుట్టుక రావాలి. చదివేవాళ్లు డిగ్రీ పిల్లలు, అనువాదాలు చేసేవాళ్లు, పత్రికల డెస్కుల్లో పనిచేసేవాళ్లు.

దూకడం అనగానే ఇంగ్లీషులో ముందు నోటికొచ్చేది ‘జంప్’. దాన్ని పక్కనపెట్టి లీప్‌తో మొదలుపెట్టడానికి కారణం ఉంది. జంప్ రాతల్లో కనబడేది 16వ శతాబ్దం నుంచే. బంప్, థంప్ లాగా చప్పుడును బట్టి పుట్టిన మాట కావచ్చు అన్నంతవరకే దాని చరిత్ర. అంతకుముందు ఇంగ్లీషువాళ్లు దూకాల్సి వస్తే లీప్, స్ప్రింగ్ అనే మాటలతోనే దూకేవాళ్లు. లీప్‌కు వెయ్యేళ్లకు పైబడిన రాత ఆధారం ఉంది, ఊరంత చుట్టరికం ఉంది. ఇది తేలితే జంప్, హాప్, స్కిప్ దీని పక్కన సులువుగా సర్దుకుంటాయి.

1వ రోజు: వాక్యాలు ఏరడం

లక్ష్యం వంద వాక్యాలు. ఎక్సెల్‌లో ఒక్కో వాక్యానికి ఒక వరస, ఏడు గడులు: వాక్యం, దూకేది ఎవరు (మనిషి, జంతువు, వస్తువు, అంకె, మనసు), ఎక్కణ్ణుంచి, ఎక్కడికి, ఒకసారా పదేపదేనా, సరిపోయే తెలుగు మాట, అనుమానం. చివరి గడి ఖాళీగా ఉంటే ఆ వాక్యాన్ని సరిగా చదవలేదని లెక్క.

వెతుకులాటలో తప్పు జరిగేది రూపాల దగ్గర. మూలరూపం ఒక్కటే వెతికితే భూతకాలం వాక్యాలు జారిపోతాయి. లీప్, లీప్స్, లీపింగ్‌తో పాటు భూతకాలానికి ఉన్న రెండు స్పెల్లింగులూ వేయాలి. చివర ‘టీ’ ఉన్నది బ్రిటన్‌లో ఎక్కువ, ‘ఈడీ’ ఉన్నది అమెరికాలో ఎక్కువ. మొదటిదాన్ని ‘లెప్ట్’ అని పలుకుతారు, అచ్చు కురచైపోతుంది. రెండోదాన్ని ‘లీప్ట్’ అంటారు, కొందరు దాన్నీ లెప్ట్ అనే పలుకుతారు. ‘లీప్‌డ్’ అని రాయకూడదు. ‘ప్’ తర్వాత ఆ ఈడీ ‘ట్’ గానే వినిపిస్తుంది. ‘లిప్’ అని హ్రస్వంతో రాస్తే పెదవి అయిపోతుంది. ప్రూఫుల్లో ఈ ఒక్క గుడిదీర్ఘం కోసమే ఒక విడత చదవాలి.

ఏరగా వచ్చిన వాటిలో చెత్త కూడా ఉంటుంది. అన్నీ పెద్దబడి అక్షరాలైతే అది ఏదో పథకం పొడిపేరు, తీసేయాలి. ఇంకో రకం చెత్త ఆసక్తికరమైనది: చేపలు పట్టే బుట్టను కొన్ని ఇంగ్లీషు మాండలికాల్లో ‘లీప్’ అంటారు. దూకడానికి దానికి సంబంధం లేదు. పాత ఇంగ్లీషులో బుట్టకు ‘లేఅప్’ అనే వేరే మాట ఉండేది. విత్తనాలు చల్లే బుట్టకు ‘సీడ్‌లిప్’ అన్న పేరులో అదే మిగిలింది. చేప ఎగిరి బుట్టలో పడుతుంది కాబట్టి ఆ పేరు వచ్చిందని కథ అల్లడం చాలా తేలిక. అందుకే ఆ వరసలకు ఎర్రరంగు వేసి, వేరే ఎంట్రీకి తరలించాం.

3వ రోజు: తెలుగు వైపు చిక్కు

మొదటి ముసాయిదాలో ‘లీప్ = దూకు, గెంతు, ఎగురు’ అని రాసి ఉంది. మార్కెట్లో చాలా నిఘంటువులు ఇక్కడితో ఆపేస్తాయి. వంద వాక్యాలనూ ఈ మూడు మాటలతో నింపబోతే పని ఇరవయ్యో వాక్యం దగ్గరే ఆగిపోయింది.

కారణం దిశ. ఇంగ్లీషు లీప్‌కు పైకీ కిందికీ అడ్డానికీ ఒకటే మాట, దిశ చెప్పే భారం పక్కనున్న చిన్న మాటలది. తెలుగులో దిశ క్రియలోనే ఉంటుంది. దూకు, దుముకు అన్నవి ఎత్తు నుంచి కిందికి, లేదా అడ్డంకి మీదుగా అవతలికి: బావిలో దూకాడు, గోడ దూకాడు, ఏరు కొండ మీంచి దుముకుతోంది. ఎగురు పైకి. లంఘించు అడ్డంగా, దూరంగా, అదీ గ్రాంథిక వాసనతో. హనుమంతుడు సముద్రాన్ని లంఘిస్తాడు, వీధి కుక్క మురిక్కాలువను లంఘించదు, దాటుతుంది. గెంతు ఉన్నచోటనే, పదేపదే. కుప్పించు ఒళ్లంతా కూడగట్టుకుని ఒక్కసారి. అందుకే ఎక్సెల్‌లో ‘దిశ’ అనే ఎనిమిదో గడి చేర్చి, వందనూ మళ్లీ మొదటినుంచి చదవాల్సి వచ్చింది. ఇలాంటి పని మొదలుపెట్టేవాళ్లు ఆ గడిని తొలిరోజే పెట్టుకుంటే రెండు రోజులు మిగులుతాయి.

‘ఎగురు’తో ఇంకో ఇబ్బంది. పిట్ట ఎగిరింది అంటే రెక్కలతో. పిల్లవాడు ఎగిరాడు అంటే కాళ్లతో. ఒంటరిగా ‘ఎగురు’ అని అర్థం ఇస్తే చేప నీళ్లలోంచి లీప్ చేసిందన్న చోట చదివేవాడికి రెక్కల చేప కనబడుతుంది. విరుగుడు జంటక్రియ: ఎగిరి పడింది, ఎగిరి అందుకున్నాడు, ఎగిరి గంతేశాడు. క్రికెట్ వ్యాఖ్యానంలో రోజూ వినిపించే ‘ఎగిరి క్యాచ్ పట్టాడు’ ఇంగ్లీషు లీప్‌కు అచ్చుగుద్దిన తెలుగు. నిఘంటువు ఆ జంటను జంటగానే చూపించాలి, విడదీస్తే చెడుతుంది.

4వ రోజు: క్రియలో లేనిది పక్కమాటలో దొరికింది

వరస 37. ఒక మనిషి కుర్చీలోంచి లీప్ చేసి నిలబడ్డాడు అన్న వాక్యం. ‘కుర్చీలోంచి దూకి నిలబడ్డాడు’ అంటే కుర్చీ ఎంత ఎత్తుందోనని అనుమానం వస్తుంది. ‘ఎగిరి నిలబడ్డాడు’ అంటే సర్కస్. తెలుగువాడు ఇక్కడ అనేది ‘దిగ్గున లేచాడు’. క్రియ మామూలు ‘లేచు’. లీప్ మొత్తం ‘దిగ్గున’లో ఉంది.

అది పట్టుబడ్డాక మిగతా మొండి వరసలు వాటంతటవే తేలాయి. లేడి చెంగున దూకింది. మంటలు భగ్గున లేచాయి. ఎలుకను చూసి పిల్లి కుప్పించి మీదపడింది. ధర అమాంతం పెరిగింది. గుండె ఝల్లుమంది. లీప్‌లో రెండు పాళ్లున్నాయి, కదలిక ఒకటి, హఠాత్తు ఒకటి. కదలిక ఎక్కువున్న వాక్యాలకు దూకు, ఎగురు సరిపోతాయి. హఠాత్తు ఎక్కువున్నచోట తెలుగు ధ్వన్యనుకరణకు పని అప్పజెబుతుంది. కాబట్టి ఎంట్రీలో అర్థాలను మనిషి, జంతువు, వస్తువు అని కర్తను బట్టి కాకుండా ఈ పాళ్లను బట్టి విడగొట్టాం. ఇంగ్లీషు–ఇంగ్లీషు నిఘంటువు వరసను ఎత్తి దింపితే ఇది కనబడేది కాదు.

నామవాచకానికి ఒక హెచ్చరిక: ‘దూకుడు’ వాడకూడదు. వ్యాకరణం ఒప్పుకుంటుంది గానీ వాడుక ఒప్పుకోదు. ఇవాళ దూకుడు అంటే దుడుకుతనం, వెనకాముందూ చూడని జోరు. బ్యాట్స్‌మన్ దూకుడు, నాయకుడి దూకుడు. లీప్ అనే నామవాచకానికి గంతు, గెంతు, చోటును బట్టి అంగ. ‘ముందంజ’ పత్రికల్లో బాగా నడుస్తుంది కానీ అందులో ‘అంజ’ అంటే అడుగే. 1969లో చంద్రుడి మీద కాలు పెట్టినప్పుడు ఆర్మ్‌స్ట్రాంగ్ అన్న ‘మనిషికి చిన్న అడుగు, మానవజాతికి పెద్ద గంతు’ అనే మాటలో బలమంతా అడుగుకీ గంతుకీ ఉన్న తేడాలో ఉంది. అక్కడ ముందంజ అని రాస్తే రెండు వైపులా అడుగే మిగులుతుంది.

5వ రోజు

ఉదయమంతా జంటపదాలు. ఒకదానికొకటి దగ్గరగా కనబడి మోసం చేసేవి ఇవే.

లీప్‌ఫ్రాగ్ ఆట: ఒకడు వంగితే ఇంకొకడు వాడి వీపు మీద చేతులాన్చి కాళ్లు చాపి దాటడం. తెలుగు పల్లెల్లో ఒంగుళ్లు దూకుళ్లు అనే ఆట సరిగ్గా ఇదే, వెతుక్కోనక్కర్లేదు. ప్రమాదం ‘కప్పదాటు’ దగ్గరుంది. పదానికి పదం చూస్తే అంతకంటే చక్కని అనువాదం ఉండదు. కానీ కప్పదాటు సమాధానం అంటే అడిగినదాన్ని తప్పించుకునే సమాధానం. ఒక దేశం టెక్నాలజీలో కప్పదాటు వేసిందని రాస్తే పొగడ్త కాస్తా తిట్టు అవుతుంది. ల్యాండ్‌లైన్ గడప తొక్కకుండానే ఊళ్లు నేరుగా మొబైల్‌కు వెళ్లిన సంగతి చెప్పాలంటే ‘మధ్య మెట్టు ఎక్కకుండా పై మెట్టుకు’ అని విడమరచడమే నయం.

లీప్స్ అండ్ బౌండ్స్‌కు ఎవరో ‘మూడు పువ్వులు ఆరు కాయలు’ అని సూచించారు. అది కలిమి చెబుతుంది, వేగం చెప్పదు. ‘ఇంతింతై’ దగ్గరగా ఉంది, ‘శరవేగంగా’ పత్రికలకు చాలు. పక్కనున్న ‘బౌండ్’ ఫ్రెంచి బోందీర్ నుంచి వచ్చింది, దాని తొలి అర్థం మారుమోగడం. శబ్దం ఎగిరి తిరిగి రావడం కాస్తా మనిషి ఎగరడమైంది.

‘లుక్ బిఫోర్ యూ లీప్’కు ముందూ వెనకా చూసుకుని అడుగెయ్యి. ఇక్కడ అడుగే సరైనది, గంతు కాదు.

పాత ఇంగ్లీషు పుస్తకాల్లో ఆబోతు ఆవు మీద లీప్ చేయడం తగులుతుంది. రైతులనడిగితే ఒక్క క్షణంలో చెబుతారు. ఎదకొచ్చిన ఆవును దాటించడం అంటారు. పట్నపు అనువాదంలో ‘ఆవు మీదికి దూకింది’ అని పడితే కొమ్ములతో పొడిచిందనుకుంటారు. పశువుల సందర్భానికి ‘దాటు’ అని ఒక పంక్తి కేటాయించాం.

7వ రోజు: పుట్టుక, ధ్వని లెక్క

పాత ఇంగ్లీషు రూపం ‘హ్లేఅపన్’. ముందున్న ‘హ’ తర్వాత రాలిపోయింది. లోఫ్, లౌడ్, లార్డ్, లేడీ కూడా ఒకప్పుడు ‘హ్ల’తో మొదలైన మాటలే, అన్నిటికీ అదే గతి పట్టింది. దానికంటే వెనక జర్మానిక్ మూలరూపం ‘హ్లౌపన’ అని పునర్నిర్మించారు. చుట్టాలు జర్మన్ ‘లౌఫెన్’, డచ్చి ‘లోపెన్’, పాత నార్స్ (స్కాండినేవియా పాత భాష) ‘హ్లౌపా’.

చుట్టరికం ఒప్పుకునే ముందు లెక్క సరిచూడాలి, పోలిక చూసి నమ్మకూడదు. పద్ధతి ఇది: ఇంగ్లీషులో ‘ఈ, ఏ’ అక్షరాలతో రాసి ఇప్పుడు ‘ఈ’ అని పలికే మాటలు తీసుకుని, జర్మన్‌లో ‘ఔ’, డచ్చిలో ‘ఓ’ వస్తున్నాయేమో చూడాలి. డ్రీమ్, ట్రౌమ్, డ్రోమ్. బీమ్, బౌమ్, బోమ్ (జర్మన్‌లో, డచ్చిలో చెట్టు, ఇంగ్లీషులో దూలమైంది). ఆ తర్వాత హల్లు: ఇంగ్లీషులో అచ్చు తర్వాత ‘ప’ ఉంటే జర్మన్‌లో ‘ఫ’ రావాలి. చీప్, కౌఫెన్ (కొనడం, చీప్ కూడా మొదట బేరం అనే అర్థపు మాటే). లీప్, లౌఫెన్. రెండు మాటలూ ఒకే మూసలో పోసినట్టు వచ్చాయి. లెక్క కుదిరింది.

ఇదే లెక్క పెడితే రెండు పుకార్లు చచ్చిపోతాయి. ఒకటి, లీప్ మన ‘లేపు’ నుంచి వచ్చిందనడం. లేపులోని ‘పు’ ధాతువులోది కాదు, ప్రేరణార్థక ప్రత్యయం. లేచు, లేపు. ఇంగ్లీషు మాటలో ‘ప’ ధాతువులోనే ఉంది, ముందేమో ‘హ’ ఉండేది. ఇవాళ్టి రూపాలు రెండూ ఒకేలా వినబడటం వట్టి కాకతాళీయం. రెండోది లంఘించుతో ముడిపెట్టడం. సంస్కృతం ‘లంఘ్’కు లఘువుతో చుట్టరికం చెబుతారు, ఆ వైపు నుంచి ఇంగ్లీషులో దొరికేది బరువు లేని ‘లైట్’, లీప్ కాదు. లీప్‌కు జర్మానిక్ భాషల బయట ఖాయమైన చుట్టమే లేదు.

సెలియెంట్, అసాల్ట్, ఇన్సల్ట్‌ల గుంపు వేరు. అవి లాటిన్ ‘సలీరె’ వైపువి. ఇన్సల్ట్ అంటే మొదట మీదికి దూకడం, మనవాళ్లు ‘మీదపడి తిట్టాడు’ అన్నట్టు. వంటల వీడియోల్లో ఉల్లిపాయలు ‘సాటే’ చేయమంటారే, అదీ ఫ్రెంచిలో ఎగరేయడమే. సాల్మన్ పేరు కూడా అందులోంచే వచ్చిందని చాలామంది అంటారు గానీ అది ఖాయం కాదు, గడిలోకి రానివ్వలేదు.

8వ రోజు: ‘ఉరుకు’ దగ్గర ఆగడం

జర్మన్ లౌఫెన్‌కు అర్థం దూకడం కాదు, పరుగెత్తడం, వాడుకలో నడవడం కూడా. డచ్చి లోపెన్ పూర్తిగా నడకలోకి దిగిపోయింది. పాత ఇంగ్లీషు మాటకు రెండు అర్థాలూ ఉండేవి, నిలిచింది దూకడం. ఒకే మాట ఒక ఊళ్లో గంతు, పక్క ఊళ్లో పరుగు, ఆ పక్క ఊళ్లో నడక ఎలా అయింది అన్నది ఎంట్రీ గడిలో రెండు పంక్తుల్లో చెప్పాలి. ఇంగ్లీషు నిఘంటువులు చెప్పినట్టు ‘అర్థం మారింది’ అని రాస్తే పిల్లలకు ఏమీ అందదు.

జవాబు మన దగ్గరే ఉంది. తర్వాతి ముసాయిదాలో తెలుగు మాటల వరసలో ‘ఉరుకు’ కూడా చేరింది. పాత కావ్యాల్లో ఉరుకు అంటే దుముకు. కోస్తాలో ఆ వాసన ‘ఉరకలు వేసే ఉత్సాహం’లో, ‘గుర్రం ఉరికింది’లో మిగిలింది. తెలంగాణలో ఉరుకు అంటే పరుగెత్తు. ‘బస్సు పోతున్నదని ఉరికిండు’ అంటే బస్సు మీంచి దూకలేదు, బస్సు వెనక పరుగెత్తాడు. పరీక్షగా ఒకే వాక్యం, ‘వాడు వాకిట్లోకి ఉరికాడు’, రెండు ప్రాంతాల పాఠకులకు ఇచ్చి చూస్తే రెండు బొమ్మలు వస్తాయి. ఒకరి బొమ్మలో అరుగు మీంచి గంతు, ఇంకొకరి బొమ్మలో ఇంట్లోంచి పరుగు.

అంటే జర్మానిక్ భాషల మధ్య జరిగిందే తెలుగులో రెండు ప్రాంతాల మధ్య జరిగింది. వింతేమీ కాదు. పరుగంటేనే గంతుల వరస. అడుగడుగుకీ ఒక్క క్షణం రెండు కాళ్లూ నేలకు ఎడమవుతాయి. నడక పోటీల్లో కంటికి కనబడేలా అలా జరిగితే అది తప్పు కింద లెక్క. గంతులు దగ్గరదగ్గరగా పడితే పరుగు, పరుగు నెమ్మదిస్తే నడక. డచ్చివాళ్లు ఆ మెట్లన్నీ దిగారు, ఇంగ్లీషువాళ్లు పై మెట్టు మీదే ఆగారు.

నిర్ణయం రెండు భాగాలు. అర్థాల్లో ఉరుకు వేయకూడదు, వేస్తే రెండు రాష్ట్రాల్లో ఒకదాని పాఠకులకు తప్పు అర్థం వెళుతుంది. పుట్టుక గడిలో మాత్రం అదే వెన్నెముక. ‘తెలుగు ఉరుకు లాగే’ అన్న మూడు మాటలతో పేరా మొత్తం తప్పింది.

9వ రోజు: చుట్టాల్లో ఎవరిని పిలవాలి

పరుగు అర్థం పట్టుబడ్డాక చుట్టాల జాబితా పొడవైంది. గడిలో పట్టేది ఆరు పంక్తులు.

ల్యాప్‌వింగ్ ఖాయం. మన పొలాల మీద అర్ధరాత్రి అరిచే తీతువు పిట్ట జాతి. పాత ఇంగ్లీషు పేరు ‘హ్లేఅపెవించె’, గంతుకు తూలుడు కలిపిన పేరు. దాని ఎగురుడు తీరు అదే. తర్వాతివాళ్లకు అర్థం తెలియక ఒడి అనే ‘ల్యాప్’, రెక్క అనే ‘వింగ్’ అని సరిదిద్దుకున్నారు. ఒడీ లేదు, రెక్క పేరూ కాదు.

గ్యాలప్ పాత ఫ్రెంచి మీదుగా వచ్చింది, వెనక ఫ్రాంకుల భాషలో ‘బాగా ఉరుకు’ అనే జంట ఉండి ఉండాలంటారు. వాలప్ దాని ఉత్తరాది కవల. గుర్రపు పరుగుతో మొదలై, కుతకుత ఉడకడం మీదుగా చావబాదడం దాకా వెళ్లింది. లోప్ నేరుగా నార్స్ నుంచి.

గాంట్‌లెట్: శిక్ష పడ్డ సైనికుణ్ణి రెండు వరసల మధ్య పరుగెత్తించి కొట్టడం. స్వీడిష్ ‘గాత్‌లొప్’, వీధి పరుగు. 17వ శతాబ్దంలో ఇంగ్లీషులోకి వచ్చి, ఇనప చేతితొడుగు గాంట్‌లెట్‌తో కలిసిపోయింది.

ఇంటర్‌లోపర్ మన తీరానికి తగిలిన మాట. ఈస్టిండియా కంపెనీ గుత్తను లెక్కచేయకుండా సొంత ఓడలతో వ్యాపారానికి దిగినవాళ్లను అలా తిట్టేవాళ్లు. తర్వాత 1698లో మద్రాసు సెయింట్ జార్జి కోట గవర్నరైన థామస్ పిట్ మొదట ఇంటర్‌లోపరే. ఇందులోని ‘లోపర్’ పరుగులు పెట్టేవాడు, దేశదిమ్మరి.

ఎలోప్ కూడా ఈ వంశమే కావచ్చు, మధ్యలో ఆంగ్లో–నార్మన్ రూపం ఉంది. ‘కావచ్చు’ అన్న గుర్తుతో వేశాం. తెలుగు ‘లేచిపోవు’ పక్కన పెడితే చదివేవాళ్లు నవ్వుకుంటారు, ఆ నవ్వుకు ఒక పంక్తి ఖర్చు పెట్టొచ్చు.

ఐస్‌లాండ్‌లో హిమనదం కింద కూడిన నీరు ఒక్కసారి తెగి పడటాన్ని ‘యోకుల్‌హ్లౌప్’ అంటారు, హిమనదపు ఉరుకు. 1996 నవంబరులో గ్రిమ్స్‌వోత్న్ నుంచి అలాంటి వరదే వచ్చి వంతెనలు కొట్టుకుపోయాయి. భూగోళ శాస్త్రంలో ఇప్పుడు ఇది అన్ని భాషలకూ మాట. ఐర్లండులో లిఫీ నది ఒడ్డున లెయిక్స్‌లిప్ ఊరుంది, నార్స్‌లో ‘సాల్మన్ గంతు’. అక్కడి పాత పాలనా విభాగాల పేరు ‘సాల్ట్’. ఉప్పేమో అనుకుంటాం, అది లాటిన్‌లో అదే గంతు. ఊరి పేరొక భాషలో, పరగణా పేరొక భాషలో, రెండింట్లోనూ ఒకే చేప. గడిలో చోటు చాలక ఈ రెండూ పోయాయి, డైరీలోనైనా ఉండనీ.

11వ రోజు: లీపు సంవత్సరం

ఇది తేలిక అనుకున్నది, ఎక్కువ సమయం తిన్నది.

మొదటి ముసాయిదా: ‘ఫిబ్రవరికి 29 రోజులుండే సంవత్సరం. ఆ ఏడాది తేదీలు ఒక వారం దాటి గంతు వేస్తాయి కాబట్టి ఆ పేరు.’ రెండు తప్పులు. ‘వారం’ అంటే ఏడు రోజులా, సోమవారంలోని వారమా అన్నది తేలడం లేదు. రెండోది లెక్క తప్పు. ఏడాదికి 365 రోజులు, 52 వారాలు పోను ఒకటి మిగులుతుంది, కాబట్టి ఏ తేదీ అయినా మరుసటేడు ఒక్క రోజు ముందుకు జరుగుతుంది. మధ్యలో ఫిబ్రవరి 29 పడితే రెండు జరుగుతుంది. ఆగస్టు 15 చూడండి: 2022లో సోమవారం, 2023లో మంగళవారం, 2024లో బుధవారాన్ని గెంతి గురువారం. జనవరి 26 తీసుకుంటే 2023లో గురువారం, 2024లో శుక్రవారమే, గంతేమీ లేదు. అది 2025లో శనివారాన్ని గెంతి ఆదివారం మీద పడింది. ఫిబ్రవరి 29కి ముందున్న తేదీలు లీపు ఏడాదిలో గెంతవు, మరుసటేడు గెంతుతాయి. కాబట్టి ‘ఆ ఏడాది’ అన్న మాట తీసేసి ‘ఫిబ్రవరి 29 దాటిన తేదీలు’ అని మార్చాం.

‘అధిక సంవత్సరం’ అని అనువదించొద్దు. చదివేవాళ్లు అధికమాసం ఉన్న ఏడాది అనుకుంటారు. 2023లో అధిక శ్రావణం వచ్చింది, అది లీపు ఏడాది కాదు. 2024 లీపు ఏడాది, అధికమాసం లేదు. 2020లో రెండూ కలిశాయి, అందుకే తికమక ఎక్కువైంది. తెలుగులో లీపు సంవత్సరం అన్నది ఎప్పుడో స్థిరపడింది, అదే ఉంచాం. ‘పు’ చేరిన రూపం లీపు సంవత్సరానికి, లీపు సెకనుకు. క్రియకు మాత్రం లీప్.

అధికమాసానికి లీప్‌తో వేరే దారిలో సంబంధం ఉంది. పాత ఇంగ్లీషు పంచాంగాల్లో ‘చంద్రుడి గంతు’ అనే లెక్క ఉండేది, ‘మోనన్ హ్లీప్’. చర్చి పట్టికలో ఒక తేదీనాటి చంద్రుడి వయసు ఏటా 11 రోజులు పెరిగేది, 30 దాటితే 30 తీసేసేవాళ్లు. 19 ఏళ్లకు 209. ఏడు నెలలు నిండాలంటే 210 కావాలి, ఒకటి తక్కువ. అందుకని చక్రం చివర ఒక్కసారి 11 బదులు 12 వేసేవాళ్లు, చంద్రుడు ఒక రోజు గెంతినట్టు. ఆ ఏడు నెలలే మన లెక్కలో సుమారు 19 ఏళ్లకు వచ్చే ఏడు అధికమాసాలు. ఆకాశం ఒకటే కదా.

లీపు సెకను వేరే సంగతి, అక్కడ గంతే లేదు. భూభ్రమణానికీ అణుగడియారాలకూ తేడా వస్తే ఒక సెకను కలుపుతారు. మొదటిది 1972 జూన్ 30న కలిపారు. మొత్తం 27 కలిశాయి, చివరిది 2016 డిసెంబరు 31న. మన గడియారాల్లో అది 2017 జనవరి 1 ఉదయం 5:29:60 అయింది. 2035 నాటికి ఈ పద్ధతి మానేయాలని 2022లో తూనికలు–కొలతల సర్వసభ్య సమావేశం తీర్మానించింది. గడియారం ఒక సెకను ఆగితే దాన్ని గంతు అనడం లీపు సంవత్సరం పేరు అరువు తెచ్చుకున్నందువల్లే. ఎంట్రీలో ‘కలిపిన సెకను’ అని వివరణ, పేరు లీపు సెకనే.

13వ రోజు: టైపింగు

‘లీప్‌ఫ్రాగ్’ను ఒక ఫైల్లో విడిగా, ఇంకో ఫైల్లో ‘లీప్ఫ్రాగ్’ అని వత్తుతో కొట్టారు. వెతికితే ఒకటి దొరికి ఒకటి దొరకడం లేదు. పొల్లు తర్వాత హల్లు వస్తే తెలుగు ఫాంటు దాన్ని వత్తుగా కిందికి దించుతుంది. దించకూడదంటే మధ్యలో కంటికి కనబడని జీరో విడ్త్ నాన్ జాయినర్ పెట్టాలి. అది అక్షరమే కాబట్టి, కనబడకపోయినా, కంప్యూటర్‌కు రెండూ వేరే మాటలు. పరిష్కారం: అచ్చు ఫైల్లో ఆ గుర్తు అన్నిచోట్లా ఉంచడం, వెతికే సూచికలో మాత్రం దాన్ని తీసేసిన రెండో కాలమ్ పెట్టి దాంట్లో వెతకడం. అక్షరక్రమం కూడా ఆ రెండో కాలమ్ ప్రకారమే. లేదంటే లీప్‌ఫ్రాగ్ ఊహించని పేజీలో తేలుతుంది.

14వ రోజు: చివరి కోతకు ముందు రూపం (ఉదాహరణ వాక్యాలు తీసేసి)

లీప్. క్రి. భూత. లెప్ట్ (బ్రి.), లీప్ట్ (అమె.). 1. (కిందికి, అవతలికి) దూకు, దుముకు, గ్రాం. లంఘించు. 2. (పైకి) ఎగిరి దూకు, ఎగిరి అందుకొను, ఎగిరి గంతేయు. 3. (మీదికి) కుప్పించి మీదపడు. 4. (హఠాత్తుగా) దిగ్గున లేచు, భగ్గున లేచు, అమాంతం పెరుగు. 5. (పశువులు) దాటు. నా. గంతు, గెంతు, అంగ. ‘దూకుడు’ కాదు. లీపు సంవత్సరం: ఫిబ్రవరి 29 గల ఏడాది, ఆ తేదీ దాటిన తేదీలు మునుపటేడు పడ్డ రోజు (సోమ, మంగళ వగైరా) నుంచి మధ్యలో ఒక రోజును గెంతి పడతాయి. పుట్టుక: పాత ఇం. హ్లేఅపన్, దూకు, పరుగెత్తు. జర్మన్ లౌఫెన్, పరుగెత్తు. తెలుగు ఉరుకు లాగే. ల్యాప్‌వింగ్, లోప్, గ్యాలప్, ఇంటర్‌లోపర్, బహుశా ఎలోప్.

వాక్యాలతో కలిపి 44 పంక్తులు వచ్చింది, రెండు ఎక్కువ. ఐదో అర్థాన్ని నాలుగో దాని తోకకు కలిపితే ఒకటి తగ్గింది. రెండోది గ్యాలప్ తీసేస్తే తగ్గుతుంది. లంఘించుకు ముందున్న ‘గ్రాం.’ గుర్తు తీసినా తగ్గుతుంది గానీ, అది తీస్తే మురిక్కాలువను లంఘించే కుక్కలు తయారవుతాయి. గ్యాలప్‌నే తీశాం.